పండగ వచ్చింది సరే, చేసేదెవరు?

డిసెంబర్ 25 రాత్రి షాపులు కట్టేశాక టోక్యోలో ఇంకో పని మొదలవుతుంది. నెల రోజులుగా ద్వారాల దగ్గర మెరుస్తున్న క్రిస్మస్ చెట్లు, ఎర్ర రిబ్బన్లు, గంటలు అన్నీ విప్పి అట్టపెట్టెల్లో సర్దేస్తారు. తెల్లారేసరికి అదే చోట వెదురు బొంగులు, పైన్ కొమ్మలు కలిపి కట్టిన కడోమాట్సు నిలబడి ఉంటుంది. అది వాళ్ల కొత్త సంవత్సరం అలంకారం, మన గుమ్మానికి మామిడాకుల తోరణం లాంటిది. 26 పొద్దున ఆఫీసుకు వెళ్లేవాళ్లకు క్రిస్మస్ జరిగిన ఆనవాలు కూడా కనిపించదు. అసలు 25న ఆ దేశంలో సెలవే లేదు, మామూలు పనిదినం. క్రైస్తవులు జనాభాలో నూటికి ఒకరు, అంతే. అయినా డిసెంబర్ వస్తే ఊళ్లన్నీ దీపాలతో వెలిగిపోతాయి, 24 సాయంత్రం కేకు డబ్బా చేతిలో లేకుండా రైలెక్కే మనిషి తక్కువగా కనిపిస్తాడు.

ఇందులో అందరికీ తెలిసిన ముచ్చట వేయించిన కోడి. కేఎఫ్‌సీ, అంటే అమెరికా కంపెనీ కెంటకీ ఫ్రైడ్ చికెన్, జపాన్‌లో మొదటి షాపు 1970లో నగోయాలో పెట్టింది. 1974లో ‘క్రిస్మస్‌కి కెంటకీ’ అంటూ దేశమంతా ప్రచారం మొదలుపెట్టింది. అమెరికాలో క్రిస్మస్ భోజనానికీ కేఎఫ్‌సీకీ ఏ సంబంధమూ లేదు, అక్కడ ఇంట్లో టర్కీ కోడినో, పంది తొడనో ఓవెన్‌లో పెట్టి గంటల తరబడి కాలుస్తారు. జపాన్‌లో టర్కీ దొరకడం కష్టం, దొరికినా అంత పక్షి పట్టే ఓవెన్ ఇళ్లలో ఉండదు. ఆ లోటులోకి బకెట్ చికెన్ వచ్చి కూర్చుంది. మొదటి షాపు మేనేజరు తకేషి ఓకావారా తర్వాత ఆ కంపెనీకే అధ్యక్షుడయ్యాడు. పాశ్చాత్య దేశాల్లో ఇది ఆచారమేనా అని అప్పట్లో అడిగితే అవునని చెప్పాననీ, అది అబద్ధమనీ చాలా ఏళ్ల తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ఇప్పుడు నవంబర్‌ నుంచే ఆర్డర్లు రాసుకుంటారు, షాపు ముందున్న కర్నల్ శాండర్స్ బొమ్మకు శాంటా కోటు, టోపీ తొడుగుతారు, 24 సాయంత్రం వీధి చివరిదాకా క్యూ ఉంటుంది.

కంపెనీ అబద్ధం చెప్పింది, జనం నమ్మేశారు అనుకుంటే కథ అక్కడితో అయిపోతుంది. కానీ అబద్ధాలు చాలా కంపెనీలు చెబుతాయి, అన్నీ యాభై ఏళ్లు నిలబడవు కదా. ఇది నిలబడడానికి కారణం జపాన్ వాళ్ల ఏడాదిలోనే ఉంది. కొత్త సంవత్సరం పూర్తిగా కుటుంబానిది, అందరూ సొంత ఊరు చేరాలి, పెద్దల ముందు కూర్చోవాలి, గుడికి వెళ్లాలి. ఆగస్టులో వచ్చే ఓబోన్ పితృదేవతలది, అదీ కుటుంబానిదే. ఉద్యోగాల కోసం పట్నం చేరిన కుర్రకారుకి, కొత్తగా ప్రేమలో పడ్డవాళ్లకి, చిన్న ఫ్లాట్‌లో ఇద్దరు పిల్లలతో ఉంటున్న దంపతులకి తమదని చెప్పుకునే రోజంటూ ఏదీ లేదు. డిసెంబర్ 24 ఆ చోట సరిగ్గా పట్టింది. 1980ల్లో చేతినిండా డబ్బు ఆడుతున్న రోజుల్లో అది ఏకంగా జంటల రాత్రి అయిపోయింది, మంచి హోటళ్లలో ఆ ఒక్క రాత్రి కోసం నెలల ముందే గదులు బుక్ అయ్యేవి. పిల్లలున్న ఇళ్లలో తెల్లటి క్రీము మీద ఎర్రటి స్ట్రాబెర్రీలు పెట్టిన కేకు వచ్చింది. స్ట్రాబెర్రీ అసలు వసంతంలో పండే పండు. ఈ కేకు గిరాకీ కోసమే రైతులు గ్రీన్‌హౌస్‌లు వేసి దాన్ని చలికాలపు పంటగా మార్చుకున్నారు. ఒక పండగ వచ్చి పంట కాలాన్నే జరిపేసిందంటే దాన్ని పైపై మోజు అని తీసిపారేయడం సరికాదు.

దిగుమతి పండగలు ఎక్కడెక్కడ నిలిచాయో, ఎక్కడ వాడిపోయాయో చూస్తే ఈ ఖాళీ సంగతి పదే పదే కనిపిస్తుంది. జనం ఏడాదిలో ఒక ఖాళీ ఉండాలి, వ్యాపారి ఏడాదిలో ఇంకో ఖాళీ ఉండాలి, రెండూ దగ్గరదగ్గరగా పడాలి. జర్మనీలో 1991 గల్ఫ్ యుద్ధం వల్ల కార్నివాల్ ఊరేగింపులు రద్దు చేశారు. వేషాలు, ముఖానికి రంగులు, మాస్కులు తయారుచేసేవాళ్లకు ఏడాది మొత్తం సంపాదన అక్కడే వస్తుంది, ఆ సరుకంతా గోడౌన్లలో ఉండిపోయింది. ఆ దెబ్బ తిన్నాక బొమ్మల పరిశ్రమకు ప్రచార సలహాదారుగా ఉన్న డీటర్ చోర్న్ 1994లో, చచ్చిపోయినవాళ్ల పేరు మీద దెయ్యాల వేషాలేసుకునే హాలోవీన్ పండగను జర్మనీలో నిలబెట్టే పని చేపట్టాడు. ఒక్క కార్నివాల్ మీదే ఆధారపడకుండా అక్టోబర్ 31న కూడా వేషాలు అమ్ముకోవచ్చని వాళ్ల ఆలోచన, అది పారింది. అదే అక్టోబర్ 31 మార్టిన్ లూథర్ పేరిట ప్రొటెస్టెంట్లు జరుపుకునే రోజు కూడా, అందుకని చర్చి వాళ్లు బాధపడ్డారు, పిల్లలకు లూథర్ పేరుతో మిఠాయిలు పంచారు. పిల్లలు మాత్రం వేషాలేసుకుని వీధుల్లోకే వెళ్లారు.

ఫ్రాన్స్‌లో ఇదే హాలోవీన్ అడ్డం తిరిగింది. 1997లో అక్కడి టెలిఫోన్ కంపెనీ ఫ్రాన్స్ టెలికాం తన కొత్త మొబైల్ ఫోన్ ప్రచారం కోసం ఈఫిల్ టవర్‌కు ఎదురుగా ట్రొకాడెరో తోటలో వేల గుమ్మడికాయలు పరిచింది. రెండు మూడేళ్లు బేకరీలు, బట్టల షాపులు, టీవీ అన్నీ ఊగిపోయాయి. ఆ తర్వాత చప్పగా చల్లారింది. ఎందుకంటే ఫ్రాన్స్‌లో ఆ చోటు ఖాళీగా లేదు. నవంబర్ 1 అక్కడ సెలవు, కుటుంబాలన్నీ చామంతి కుండీలు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్తాయి. తాత సమాధి కడిగి పూలు పెట్టాల్సిన పూట, ముందురోజు రాత్రి పుర్రె మాస్కు వేసుకుని తిరగడానికి చాలామందికి మనసొప్పలేదు.

మన దగ్గరా అంతే. హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీల్లో, ప్లేస్కూళ్లలో హాలోవీన్ వచ్చింది కానీ చచ్చిపోయినవాళ్ల పండగగా రాలేదు, రాదు కూడా. పెద్దలకు బియ్యం ఇచ్చే పెత్తరమాస అంతకు కొద్ది వారాల ముందే అయిపోతుంది, ఆ లెక్క ఆ రోజే తీరిపోతుంది. హాలోవీన్ ఇక్కడ దొరకబుచ్చుకున్నది వేరే చోటు. కృష్ణాష్టమికి స్కూల్లో నెమలి పింఛం పెట్టి, పిల్లనగ్రోవి చేతికిచ్చి ఫొటో తీస్తారు చూడండి, ఆ పక్కన వచ్చి నిలబడింది. పిల్లలకు అది ఇంకో ఫ్యాన్సీ డ్రెస్ రోజు, అంతకుమించి భయపడాల్సిందీ లేదు, మురిసిపోవాల్సిందీ లేదు.

ఇక్కడిదాకా చాలామంది రాసేదే. అంతగా పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. పండగ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరినప్పుడు సరుకు, రంగులు, తారీఖు వెంటనే చేరిపోతాయి. పండగలోని పని మాత్రం రాదు. పని అంటే ఏమిటో మన పండగల్లో చూస్తే తెలుస్తుంది. సంక్రాంతి అంటే ముగ్గు, గొబ్బెమ్మలు, అరిసెలు మాత్రమే అయితే ఎవరైనా దిగుమతి చేసుకోవచ్చు. కానీ హరిదాసు గిన్నెలో బియ్యం ఎవరు పోయాలి, గంగిరెద్దులాయనకు పాత పంచె ఎవరివ్వాలి, కొత్తల్లుడికి కబురు ఎవరు పంపాలి, భోగి మంటకు కట్టెలు ఎవరు తేవాలి, అది పాకల దాకా పాకకుండా ఎవరు కాపలా ఉండాలి, ఇవన్నీ ఎవరూ రాసిపెట్టకుండానే పంచుకున్న పనులు. ఎవరికి ఎంత బరువో, ఎక్కడ ఆగాలో, గొడవైతే ఎవరు సర్దిచెప్పాలో ఆ ఊరికి తెలుసు. ఇది తరాల మీద పోగైన తెలివిడి. కంటైనర్‌లో ఎక్కదు. కొత్తచోట కొత్తగా తయారు చేసుకోవాల్సిందే, చేసుకోకపోతే ఆ బరువు ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది, సాధారణంగా ఆడవాళ్ల నెత్తిన.

జపాన్ వాలెంటైన్స్ డే దీనికి మంచి ఉదాహరణ. కోబేలోని మొరోజోఫ్ అనే మిఠాయి కంపెనీ 1936లో అక్కడి ఇంగ్లిష్ పత్రికలో వాలెంటైన్ చాక్లెట్ల ప్రకటన వేసింది, ఎవరూ పట్టించుకోలేదు. 1958లో మేరీ చాక్లెట్ కంపెనీ టోక్యోలో ఇసెటాన్ డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ప్రత్యేకంగా బల్ల వేసి అమ్మితే వచ్చినవి గుప్పెడు యెన్లు. తర్వాత్తర్వాత ఊపందుకుంది, అదీ అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేని పద్ధతిలో: ఫిబ్రవరి 14న ఆడవాళ్లే మగవాళ్లకు చాక్లెట్ ఇవ్వాలి. మనసులో మాట ఆడపిల్ల తనంతట తాను చెప్పడం తప్పుగా చూసిన సమాజంలో ఏడాదికి ఒక్క రోజు చెప్పొచ్చు అని తలుపు తీసినట్టయింది. ఇది మంచికే వచ్చిందని అనాలి.

కానీ అది అక్కడ ఆగలేదు. ప్రేమించినవాడికి ఇచ్చేది హొన్మెయ్ చాకో. మరి ఆఫీసులో పక్క సీటు ఆయనకు, బాస్‌కు, రోజూ కాగితాలు తెచ్చిచ్చే పెద్దాయనకు? వాళ్లకు ఇవ్వకపోతే బాగుండదు కాబట్టి గిరి చాకో వచ్చింది. గిరి అంటే మర్యాద కోసం తీర్చుకోవాల్సిన బాకీ. ఒక మామూలు ఆఫీసులో ఇరవై మంది మగవాళ్లుంటే అక్కడ పనిచేసే అమ్మాయి ఫిబ్రవరి రెండో వారంలో సాయంత్రం పని అయ్యాక కాగితం మీద పేర్లు రాసుకుని షాపుకెళ్తుంది. ఎవరినీ మరిచిపోకూడదు, ఒకరికి ఖరీదైనది ఇంకొకరికి చవకది ఇవ్వకూడదు, అలాగని అన్నీ ఖరీదైనవి కొంటే జీతంలో కోత. ఏ పెట్టె చూస్తే ఎవరు ఏమనుకుంటారో అని టెన్షన్. మగవాళ్లు తిరిగి ఇవ్వడానికని మిఠాయి తయారీదారుల సంఘం 1978లో మార్చి 14ను వైట్ డేగా నిర్ణయించింది, 1980 నుంచి జరుగుతోంది. తీసుకున్నదానికి మూడింతలు తిరిగివ్వాలనే మాట కూడా పుట్టింది, సంబై గయెషి అంటారు. వైట్ డే దక్షిణ కొరియాకూ పాకింది. అక్కడ ఇంకో నెల ఆగి ఏప్రిల్ 14న, ఎవరి నుంచీ ఏమీ అందుకోని ఒంటరివాళ్లు నల్లటి సాస్ వేసిన నూడుల్స్ తినే బ్లాక్ డే మొదలైంది.

గమనించాల్సింది ఏమిటంటే, జపాన్‌లో ఈ పండగకు పద్ధతులు తయారయ్యాయి, కాకపోతే తయారు చేసింది అమ్మేవాళ్లు. అమ్మేవాడు పెట్టే పద్ధతిలో ‘ఇక చాలు’ అనే గీత ఉండదు. మన పెళ్లిళ్లలో చదివింపులకు కూడా ఒత్తిడి ఉంటుంది నిజమే, కానీ ఎంత చదివించాలో చుట్టాల మధ్య ఒక లెక్క ఉంటుంది, లేనివాడు పదిహేను రోజుల ముందొచ్చి పందిరి గుంజలు పాతితే అదీ చదివింపుగానే చెల్లుతుంది. చాక్లెట్‌కు బదులు చెల్లేది ఇంకో చాక్లెటే. చివరికి 2018 ఫిబ్రవరి 1న గొడైవా కంపెనీ జపాన్ ఆర్థిక పత్రిక నిక్కెయ్‌లో పేజీ నిండా ప్రకటన వేసింది, జపాన్ ఇక గిరి చాకో మానేద్దాం అని. ఈ రోజంటే ఇష్టం లేని ఆడవాళ్లున్నారని, ఇది మనసులో మాట చెప్పుకునే రోజే తప్ప ఆఫీసు సంబంధాలు సర్దుకునే రోజు కాదని అందులో రాసింది. చాక్లెట్ అమ్ముకునే కంపెనీ కూడా మానేయమని చెప్పాల్సి వచ్చిందంటే ఆ బరువు ఎంతదాకా వచ్చిందో అర్థం చేసుకోవచ్చు. అప్పటికే కొన్ని ఆఫీసులు గిరి చాకో వద్దని నిషేధించాయి. ఇప్పుడు చాలామంది అమ్మాయిలు స్నేహితురాళ్లకే ఇచ్చుకుంటున్నారు, తమ కోసమే ఓ మంచి పెట్టె కొనుక్కుంటున్నారు.

బరువు ఒకరి మీద పడటం ఒక రకం. ఎవరి మీదా పడకపోవడం ఇంకా ప్రమాదం. 2022 అక్టోబర్ 29 శనివారం, సియోల్‌లోని ఇటేవాన్. కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన మొదటి హాలోవీన్ అని లక్ష మందికి పైగా యువత అక్కడికి చేరారు. హామిల్టన్ హోటల్ పక్కన ఏటవాలుగా ఉండే సందు ఉంది, ఇరుకైన చోట మూడు మీటర్ల పైచిలుకు వెడల్పు, అంటే ఒక కారు, పక్కన ఒక స్కూటర్ పడితే నిండిపోతుంది. పైనుంచి దిగేవాళ్లు, కిందినుంచి ఎక్కేవాళ్లు అందులోనే కలిశారు. ఎవరో ఒకరు ‘నలిగి చచ్చిపోయేలా ఉన్నాం, వచ్చి జనాన్ని ఆపండి’ అన్న ధోరణిలో పోలీసులకు మొదటి ఫోన్ చేసింది సాయంత్రం 6:34కి. ఆ తర్వాత ఫోన్లు వస్తూనే ఉన్నాయి. రాత్రి 10 దాటాక ఆ సందులో జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. మొత్తం 159 మంది పోయారు, ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్లు.

విదేశీ పండగకు వెళ్లారు కాబట్టి ఇలా అయిందని అక్కడా కొందరు అన్నారు. ఆ మాట అన్యాయం. పిల్లలు సరదాగా వెళ్లారు, మన పిల్లలు నుమాయిష్‌కు వెళ్లినట్టు. తప్పు ఎక్కడుందంటే, ఆ పండగకు నిర్వాహకులు లేరు. అప్పట్లో కొరియా ప్రభుత్వ నిబంధనల్లో జన నియంత్రణ ప్రణాళిక నిర్వాహకులున్న కార్యక్రమాలకే ఉండేది. ఎవరూ దరఖాస్తు పెట్టలేదు, ఎవరూ అనుమతి అడగలేదు, కాబట్టి ఎవరి ఫైల్లోనూ అది లేదు. ఆ రాత్రి ఇటేవాన్‌కు కేటాయించిన పోలీసులు 137 మంది. అదే సియోల్‌లో ఏ ఊరేగింపుకైనా, ఏ పాతకాలపు ఉత్సవానికైనా దారి మళ్లింపులు, తాళ్లు, వలంటీర్లు ఉంటారు, ఎందుకంటే అవి చేసేవాళ్లకు పేరూ ఊరూ ఉంటాయి. ఇక్కడ బార్లు ఉన్నాయి, వేషాలమ్మే షాపులు ఉన్నాయి, జనం ఉన్నారు, బాధ్యుడనే మనిషి లేడు. నిర్వాహకులు లేకపోయినా ప్రభుత్వమే చూసుకోవాలని 2023 చివర్లో చట్టం మార్చారు. 159 మంది పోయాక.

టోక్యోలో షిబుయా కూడలి దగ్గర ఇదే ప్రమాదం రాబోయి ఆగింది. 2018 హాలోవీన్‌కి అక్కడ తాగిన గుంపు ఓ చిన్న ట్రక్కును తిరగేసింది. మరుసటి ఏడాదే ఆ పండగ రోజుల్లో వీధిలో మద్యం తాగకూడదని స్థానిక చట్టం తెచ్చారు, 2023లో అయితే షిబుయా వార్డు మేయరు కెన్ హసెబె ఏకంగా ‘దయచేసి హాలోవీన్‌కి షిబుయాకు రావద్దు’ అని ప్రపంచానికే విజ్ఞప్తి చేశాడు. పండగను పిలిచినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి, వద్దనే పని మేయరుకు మిగిలింది.

ఇప్పుడు మనవైపు చూద్దాం. మనకు బయటనుంచి వచ్చిన పండగ అనగానే వాలెంటైన్స్ డే గుర్తొస్తుంది కానీ అంతకన్నా పెద్దది, అంతకన్నా లోతుగా పాతుకున్నది మండపాల వినాయక చవితి. ఇంట్లో చవితి మనదే, పాలవెల్లి, పత్రి, ఉండ్రాళ్లు, వ్రతకథ, అక్షింతలు తరాలుగా ఉన్నాయి. వీధిలో విగ్రహం నిలబెట్టి, పదకొండు రోజులు పూజించి, ఊరేగించి నీళ్లలో కలిపే పద్ధతి మాత్రం మహారాష్ట్ర నుంచి వచ్చింది. అక్కడ తిలక్ 1893 నుంచి దాన్ని జాతీయోద్యమంలోకి తెచ్చాడు. ఆ స్ఫూర్తితో ఖైరతాబాద్‌లో సింగరి శంకరయ్య 1954లో ఒక్క అడుగు విగ్రహం పెట్టాడు. ఏడాదికో అడుగు పెంచుకుంటూ 2014 నాటికి అది 60 అడుగులైంది. పక్క రాష్ట్రం నుంచి వచ్చినదేగా అని అనొచ్చు, కానీ 1954లో హైదరాబాద్ బస్తీకి అది కొత్తదే.

అది వాడిపోకుండా ఇంత పెరిగిందంటే దానికి ఇక్కడివాళ్లు పని పంచుకున్నారు కాబట్టి. చందా పుస్తకం ఒకరి చేతిలో, కరెంటు కనెక్షన్ ఒకరి బాధ్యత, రాత్రి విగ్రహం దగ్గర పడుకునే కుర్రాళ్ల వంతులు, చివరి రోజు అన్నదానానికి బియ్యం బస్తా ఎవరిస్తారో ముందే మాట. పోలీసు అనుమతి కాగితం మీద కమిటీ వాళ్ల పేర్లుంటాయి. ఏ మండపం ఏ రూట్లో ట్యాంక్‌బండ్ చేరాలో, ఏ క్రేన్ దగ్గర ఆగాలో రాసి ఉంటుంది. బాలాపూర్‌లో లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది, 2024లో 30 లక్షలు దాటింది, ఆ డబ్బు ఊరి పనులకు ఖర్చు పెడతారు. ఇవేవీ మహారాష్ట్ర నుంచి రాలేదు, ఇక్కడ కట్టుకున్నవే. అలాగని అంతా సవ్యంగా ఉందని కాదు. డీజేల మోత, హుస్సేన్‌సాగర్‌లో కరగని ప్లాస్టర్ ఆఫ్ పారిస్, షాపుల దగ్గర బలవంతపు చందాలు, ఊరేగింపు రోజు పాతబస్తీలో టెన్షన్, ఇవన్నీ నిజమైన బాధలే. అయితే అడగడానికి మనిషి ఉన్నాడు. కోర్టు ఆదేశం ఇస్తే అందుకునే కమిటీ ఉంది, మట్టి విగ్రహం పెట్టండి అని చెబితే వినేవాళ్లూ, వాదించేవాళ్లూ ఉన్నారు.

క్రిస్మస్ కూడా అంతే, తెలుగు నేల మీద దాన్ని దిగుమతి సరుకు అనడం అజ్ఞానం. మెదక్ చర్చి కరువు రోజుల్లో పదేళ్లపాటు కట్టారు, పాస్నెట్ అనే మిషనరీ దొర పనికి తిండి పెట్టి కట్టించాడు, 1924 డిసెంబర్ 25న ప్రార్థనకు తెరిచారు. ఆకలితో వచ్చి రాయి మోసినవాళ్ల మనవలు, ముని మనవలు ఈరోజు అక్కడ కొవ్వొత్తి వెలిగిస్తున్నారు. డిసెంబర్ మొదటి వారం నుంచే ఊళ్లలో రాత్రిపూట క్యారల్స్ బృందాలు ఇంటింటికీ తిరుగుతాయి, వెదురు బద్దలతో కట్టిన స్టార్ పైకెక్కుతుంది, ఇళ్లలో కేకు పక్కనే అరిసెలు ఉంటాయి. ‘సెమీ క్రిస్మస్’ అనే మాట చూడండి. పండగకు ముందే ఆఫీసుల్లో, కాలనీల్లో అందరూ కలిసి చేసుకునే కార్యక్రమానికి మనవాళ్లు పెట్టుకున్న పేరు. ఇంగ్లిష్ మాటలే అయినా ఇంగ్లిష్ దేశాల్లో ఎవరికీ తెలియదు. ఇక్కడ అవసరమై పుట్టింది. పండగ పూట ఎవరి చర్చికి, ఎవరి ఊరికి వాళ్లు వెళ్లాలి కాబట్టి తోటి ఉద్యోగులతో, ఇరుగుపొరుగుతో ముందే కలిసి కేకు కోసుకుంటారు. టోక్యో షాపు ముందు ఒక్క రాత్రిలో విప్పేసే క్రిస్మస్‌కూ దీనికీ తేడా ఇదే.

ఇంకో రకం దిగుమతి ఉంది, దాన్ని దిగుమతి అని మనం గుర్తుపట్టం కూడా, ఎందుకంటే పేరు సంస్కృతంలో ఉంటుంది. అక్షయ తృతీయ అంటే ఉత్తరాంధ్రలో సింహాచలం చందనోత్సవం. ఏడాది పొడవునా చందనం పూతలో ఉండే అప్పన్న స్వామి నిజరూపం ఆ ఒక్కరోజే కనిపిస్తుంది, దర్శనం కోసం తెల్లవారుజాము నుంచే కొండమీద జనం. మిగతాచోట్ల పంచాంగం ప్రకారం అది దానాల రోజు. వైశాఖంలో మండే ఎండలు కాబట్టి నీళ్ల కుండ, మజ్జిగ, గొడుగు, చెప్పులు దానం చేస్తే అక్షయ ఫలమని చెప్పేవారు. ఈ పాతికేళ్లలో నగల షాపులు, ప్రపంచ బంగారు మండలి చేసిన ప్రచారంతో అది బంగారం కొనే రోజైపోయింది. ధన త్రయోదశిని కూడా మనవాళ్లు ఇప్పుడు ‘ధన్‌తేరస్’ అంటున్నారు, ఆ పలుకుబడే అది ఎటునుంచి వచ్చిందో చెబుతోంది. వాలెంటైన్స్ డే రోజు గులాబీ కొన్నవాడిని మన సంస్కృతి ఏమైపోతోందని నిలదీసేవాళ్లు, ఎండలో నీళ్లిచ్చే రోజు షోరూం ముందు క్యూ కట్టే రోజుగా మారితే ఒక్క మాట అనరు. ఎవరి శక్తి వాళ్లది, కొనుక్కోవచ్చు. కానీ పక్కింటివాళ్లు కొన్నారని, కనీసం అరగ్రాము అయినా కొనకపోతే అరిష్టమని క్రెడిట్ కార్డు తీసే ఇంట్లో పడే ఒత్తిడి, ఆ గిరి చాకో అమ్మాయి మోసే ఒత్తిడి ఒక్కటే. దానం చేసే పని పోయింది, కొనే పని వచ్చింది.

వాలెంటైన్స్ డే విషయంలో మనవైపు జరిగింది మరీ విచారకరం. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత గ్రీటింగ్ కార్డులు, కేబుల్ టీవీ, ఆ తర్వాత సెల్‌ఫోన్లతో వచ్చింది. కులం, కట్నం, జాతకం చూసి పెద్దలే అన్నీ తేల్చే చోట, ఇష్టపడ్డానని ఇద్దరు మనుషులు చెప్పుకోవడానికి ఒక రోజు దొరకడం చిన్న విషయం కాదు. ఆ ఖాళీ నిజంగా ఉంది, ఇప్పటికీ ఉంది. దానికి ఇల్లు గానీ, కాలేజీ గానీ, ఊరు గానీ ఏ ఆసరా ఇవ్వలేదు. అటు షాపులు గులాబీ ధర పెంచాయి, ఇటు కొన్ని సంఘాలు పార్కుల్లో జంటల మీద పడి తాళి కట్టమని బలవంతం చేశాయి. 2023లో జంతు సంక్షేమ బోర్డు ఫిబ్రవరి 14న ఆవును కౌగిలించుకోండి అని పిలుపిచ్చి, నాలుగు రోజుల్లో వెనక్కి తీసుకుంది. ఆ రోజు ఎలా ఉండాలో అమ్మేవాళ్లు, కొట్టేవాళ్లు మాట్లాడారు తప్ప ఆ వయసు పిల్లలతో కూర్చుని మాట్లాడిన పెద్దలు అరుదు.

ప్లేస్కూల్ వాట్సాప్ గ్రూపుల సంగతీ ఇందులో భాగమే. రాత్రి తొమ్మిదికి మెసేజ్ వస్తుంది, రేపు హాలోవీన్, పిల్లల్ని వేషంలో పంపండి అని. డిసెంబర్‌లో శాంటా డ్రెస్, ఫిబ్రవరిలో ఎర్ర గౌను, మధ్యలో అమ్మల రోజు, నాన్నల రోజు. టీచరు నిర్ణయిస్తుంది, పిల్లలు ఎగురుతారు, ఆ నల్ల చున్నీని కత్తిరించి మంత్రగత్తె టోపీ కుట్టేది మాత్రం అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన అమ్మ. వారం ముందు చెప్పడం, ఇంట్లో ఉన్నదాంతోనే రమ్మనడం, కొనకూడదని కచ్చితంగా రాయడం, ఇంత చిన్న పద్ధతులు పెట్టినా సగం బరువు తగ్గుతుంది. పద్ధతి అంటే ఇంతకన్నా పెద్దదేం కాదు.

ఇంకో దేశానికి మన పండగ వెళ్లినప్పుడు ఏమవుతుందో కూడా చూడాలి, ఎందుకంటే అక్కడ మనం దిగుమతి వైపు లేము, మోసుకెళ్లే వైపు ఉన్నాం. దీపావళికి న్యూయార్క్ నగర స్కూళ్లలో సెలవు 2023లో చట్టమైంది. దానికన్నా ఎక్కువ చెప్పేది బతుకమ్మ. అమెరికాలో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో తెలంగాణ వాళ్లు ఎక్కడుంటే అక్కడ చేస్తున్నారు. తంగేడు దొరకదు. గునుగు దొరకదు, కానీ దానికి చుట్టమైన సెలోసియా నర్సరీల్లో దొరుకుతుందని ఎవరో కనిపెట్టారు. సూపర్‌మార్కెట్ చామంతులు కట్టలు కట్టలుగా కొంటారు. సద్దుల బతుకమ్మ ఏ వారమైనా శనివారానికే జరుగుతుంది, లేకపోతే సెలవు దొరకదు. ఎవరు పూలు తెస్తారు, ఎవరు పసుపు గౌరమ్మను చేస్తారు, సత్తుపిండి ఎవరు, పులిహోర ఎవరు, హాలు అద్దె ఎంత, పార్కులో పాటలు పెట్టడానికి మునిసిపాలిటీ అనుమతి కాగితం మీద సంతకం ఎవరిది, ఇదంతా నెల ముందు నుంచి ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో నడుస్తుంది. అక్కడి చెరువుల్లో పూలు వేయడానికి చాలాచోట్ల ఒప్పుకోరు. కాబట్టి పిల్లలు ఆడుకునే గాలి నింపే నీళ్ల తొట్టి తెచ్చి, పైపుతో నింపి, బతుకమ్మలను ఒక్కొక్కటే అందులో వదులుతారు. పాటలయ్యాక, ఫొటోలయ్యాక, సద్దులు పంచుకున్నాక ఓ నలుగురు వెనక ఉండిపోతారు. తొట్టిలోంచి తడిసిన పూలను చేత్తో ఎత్తి చెత్త సంచుల్లో వేస్తారు, పార్కింగ్‌లో రాలిన రేకులు ఊడుస్తారు, పసుపు నీళ్లు పారబోయడానికి అనుమతి ఉన్న గడ్డి ఏదో చూసుకుంటారు.